హత్యా రహస్య నవలలో అనుమానితుల వరుస: సమాజం గురించిన మాట ఎక్కడ ఉండాలి?

నల్లసిరా (చర్చ మొదలుపెట్టినవారు)

మిత్రులందరికీ నమస్కారం. మూడేళ్లుగా రాస్తున్న హత్యా రహస్య నవల మొదటి ప్రతి ఈ మధ్యనే పూర్తయింది. ఒక నూలు మిల్లు యజమాని తన ఇంటి మేడమీది చదువుగదిలో, రాత్రి పదిన్నరకూ పన్నెండింటికీ మధ్య, తలకు తగిలిన దెబ్బతో చనిపోతాడు. అనుమానితులు ఆరుగురు: ఆస్తి పంపకం నచ్చని పెద్దకొడుకు, పెళ్లి విషయంలో తండ్రితో తెగతెంపులు చేసుకున్న కూతురు, ఇంటికి చనువుగా వచ్చిపోయే కుటుంబ వైద్యుడు, మంచం పట్టిన ఇంటావిడ కోసం రాత్రి డ్యూటీకి వచ్చే నర్సు, చాలా ఏళ్లుగా ఆ ఇంట్లోనే వంట చేస్తున్న మనిషి, సమ్మె తరవాత మిల్లులోంచి తీసేసిన ఒక కార్మికుడు.

నా ఇబ్బంది చెబుతాను. రాతప్రతి చదివిన ఇద్దరు మిత్రులూ దాదాపు ఒకే మాట అన్నారు. కథ ముందుకు లాక్కుపోతోందిగానీ, అనుమానితులు నోరు తెరిచినప్పుడల్లా కథ ఆగిపోయి ఉపన్యాసం మొదలవుతోందట. వాళ్లు చూపించిన చోటు పదకొండో అధ్యాయం. ఆ రాత్రి ఎక్కడున్నావని ఇన్‌స్పెక్టరు అడిగితే, కార్మికుడు రెండున్నర పేజీల పాటు మిల్లులోని దూది ధూళి గురించి, ఆ ధూళి పీల్చి ఊపిరితిత్తులు పాడైన తోటివాళ్ల గురించి చెబుతాడు. అందులో ప్రతి మాటా నిజమే, నేను ఎంతో శ్రద్ధగా రాసుకున్నదే. కానీ తిరిగి చదివితే నాకూ అర్థమయింది, అక్కడ మాట్లాడుతున్నది అతడు కాదు, నేను.

సమాజం గురించిన మాటను నవలలోంచి తీసేయడం నాకు ఇష్టం లేదు, ఎందుకంటే ఆ మాట కోసమే ఈ నవల మొదలుపెట్టాను. దాన్ని ఎక్కడ పెట్టాలో చెప్పగలరా?

పాతఅట్ట

నల్లసిరా గారూ, కొంచెం కఠినంగా చెబుతున్నాను, మన్నించండి. ఆ రెండున్నర పేజీలూ తీసేయండి. అపరాధ పరిశోధక నవల చేతిలోకి తీసుకున్న పాఠకుడు రచయితతో ఒక ఒప్పందం చేసుకుంటాడు. డిటెక్టివుకు దొరికే ప్రతి ఆధారమూ తనకూ దొరకాలి, హంతకుడు మొదటి నుంచీ తన కళ్లముందే తిరుగుతూ ఉండాలి, చివరి పేజీలో ఆకాశంలోంచి కొత్త మనిషి ఊడిపడకూడదు. 1928లో అమెరికన్ డిటెక్టివు నవలల రచయిత వాన్ డైన్ రాసిన ఇరవై సూత్రాల్లో పదహారోది ఈ సంగతే చెబుతుంది: సుదీర్ఘ వర్ణనలకూ, పక్కదారి చర్చలకూ, వాతావరణం కోసం పడే ప్రయాసకూ ఇటువంటి కథలో చోటు లేదు. మరుసటి ఏడు ఇంగ్లిష్ రచయిత రోనాల్డ్ నాక్స్ పెట్టిన పది నియమాలు కూడా చాలావరకు పాఠకుడికి న్యాయం జరగాలన్న పట్టుదలతో పుట్టినవే.

ఆరుగురు అనుమానితులంటే పాఠకుడి మనసులో ఆరు గళ్ల పట్టిక ఉంటుంది. ఎవరికి కారణం ఉంది, ఎవరికి అవకాశం ఉంది, ఎవరు అబద్ధమాడారు అన్నవి దానిలో నింపుకుంటూ పోతాడు. మీ కార్మికుడి ఉపన్యాసం ఏ గడిలోనూ పడదు. పడని మాటను పాఠకుడు గుర్తుంచుకోడు, ఎంత నిజమైనా సరే.

గడపదీపం

పాతఅట్ట గారు పదహారో సూత్రం గుర్తుచేశారు కనుక, అదే పట్టికలోని పదకొండో సూత్రం కూడా చెప్పుకోవాలి. ఇంట్లో పనివాళ్లను హంతకులుగా ఎంచుకోకూడదు, అది మరీ సులువైన పరిష్కారం, నేరస్థుడు కాస్త చెప్పుకోదగ్గ మనిషి అయి ఉండాలి అని దాని సారాంశం. పైకి చూస్తే ఇది ఆట నియమమే. కానీ చెప్పుకోదగ్గ మనిషి ఎవరు, కానివారు ఎవరు అన్న తీర్పు ఆ నియమంలో ముందే జరిగిపోయింది. వంటమనిషి హంతకుడు కాలేడు, ఎందుకంటే అతడు లెక్కలోకి రాడు. కాబట్టి సమాజాన్ని గడప బయట నిలబెట్టి ఈ ఆట ఆడడం మొదటి నుంచీ సాధ్యం కాలేదని నా అభిప్రాయం.

అసలు ఈ సాహిత్యానికి మూలమైన ఒక నిజమైన కేసు చూడండి. 1860 జూన్ చివర, ఇంగ్లండులోని రోడ్ హిల్ అనే పెద్ద ఇంట్లో నాలుగేళ్లు కూడా నిండని పిల్లవాణ్ణి రాత్రి నిద్రలోంచి ఎత్తుకుపోయి చంపారు. తలుపులన్నీ లోపల గడియ వేసే ఇల్లు అది. స్థానిక పోలీసుల అనుమానం మొట్టమొదట దాదిమీద పడింది, ఆమెను అరెస్టు కూడా చేశారు. తరవాత లండను నుంచి జొనాథన్ విచర్ అనే డిటెక్టివు వచ్చాడు. 1842లో ఎనిమిదిమందితో మొదలైన డిటెక్టివు విభాగంలో తొలివాళ్లలో ఒకడు, తోటమాలి కొడుకు. ఆయన ఇంటి బట్టల పద్దు తీయించి చూశాడు. పదహారేళ్ల పెద్దింటి అమ్మాయి రాత్రి గౌనుల్లో ఒకటి లెక్కకు రాలేదు. ఆ ఒక్క గౌను మీదే నిలబడి ఆమెను అనుమానించాడు. అప్పుడు జనానికి కోపం వచ్చింది హంతకుడి మీద కాదు. మర్యాదస్థుల ఆడపిల్ల బట్టలు లెక్కపెట్టే సాహసం చేసిన ఆ కిందితరగతి మనిషి మీద వచ్చింది. అమ్మాయిని వదిలేశారు, విచర్ పేరు మసకబారింది. 1865లో ఆ అమ్మాయే తాను చంపానని ఒప్పుకుంది.

ఈ కేసు జరిగిన ఎనిమిదేళ్లకు, 1868లో, విల్కీ కాలిన్స్ నవల 'మూన్‌స్టోన్' వచ్చింది. అది ప్రధానంగా వజ్రం దొంగతనం కథ కనుక ముగింపు చెప్పకుండానే నాకు కావలసిన సన్నివేశం చెప్పగలను. తలుపుమీద ఆరని రంగు ఒకచోట చెరిగి ఉంటుంది, అంటే ఎవరి బట్టకో ఆ రంగు అంటుకుని ఉండాలి. మొదట వచ్చిన పోలీసు అధికారి తన పద్ధతితో పనివాళ్లందరికీ మంట పుట్టిస్తాడు. తరవాత వచ్చిన సార్జెంట్ కఫ్ వేరేగా ఆలోచిస్తాడు. ఇంటి యజమానురాలితో మొదలుపెట్టి అందరి బట్టల పెట్టెలూ వెతకనిస్తే, పనివాళ్లు అవమానంగా భావించకుండా తమవీ చూపిస్తారని ఆమెకు చెబుతాడు. ఆమె సరేనంటుంది. కాదన్నది ఒక్కరే, ఆ ఇంటి కూతురు. నల్లసిరా గారూ, గమనించండి, ఇక్కడ ఎవరూ పేదల అవమానం గురించి ఒక్క వాక్యం కూడా మాట్లాడలేదు. ఎవరి పెట్టె ముందు తెరుస్తారు అన్న చిన్న ప్రశ్నలోనే అంతా ఉంది, పైగా ఆ ప్రశ్న లేకపోతే కథ ముందుకే కదలదు.

మీ నవలలో ఇన్‌స్పెక్టరు ఎవరి గది ముందు వెతికాడు?

నల్లసిరా

గడపదీపం గారూ, మీ ప్రశ్న చదివి నా ప్రతి తిరగేశాను. నాలుగో అధ్యాయంలో వంటమనిషి ట్రంకుపెట్టె తెరిపించాడు. పెద్దకొడుకు గది తొమ్మిదో అధ్యాయం దాకా ఎవరూ చూడలేదు. ఇది నేను కావాలని చేసినది కాదు. కలం అటే పోయింది.

వాయిదా

నేను ఉద్యోగకాలమంతా సాక్షుల వాఙ్మూలాలు టైపు చేసినవాణ్ణి. ఎక్కడన్నది ఇక్కడ అవసరం లేదు. ఆ అనుభవంలోంచి రెండు సంగతులు చెబుతాను, ఎవరికైనా పనికొస్తాయేమో.

మొదటిది, కాగితం మీదికి జవాబు వస్తుందిగానీ ప్రశ్న రాదు. వకీలు పదిసార్లు గుచ్చి గుచ్చి అడిగిన తరవాత సాక్షి "లేదండీ, నేను ఆ గదిలోకి పోలేదు" అంటాడు. టైపులో అది "నేను ఆ గదిలోకి వెళ్లలేదు" అని ఒంటరిగా నిలబడుతుంది. చదివినవాడికి, అడగకుండానే ఈయన ఎందుకు బుకాయిస్తున్నాడు అనిపిస్తుంది. గట్టిగా అడిగేది ఎవరిని? ఎదురు చెప్పలేనివాళ్లను. కాబట్టి వాళ్ల వాఙ్మూలాల నిండా ఇలాంటి "లేదు"లే ఉంటాయి. డాక్టరుగారి వాఙ్మూలం మాత్రం సాఫీగా కథలా నడుస్తుంది, ఎందుకంటే ఆయన్ను ఎవరూ మధ్యలో ఆపలేదు. నవల రాసేవారు ఆరు వాఙ్మూలాలను యథాతథంగా పక్కపక్కన పెడితే చాలు, శ్రద్ధగల పాఠకుడికి అదే ఒక ఆధారం.

రెండోది, మన భాషలో మనకు ఉచితంగా దొరికే సాధనం ఒకటి ఉంది. ఇన్‌స్పెక్టరు వైద్యుణ్ణి "మీరు ఎన్నింటికి వెళ్లారండీ" అంటాడు, వంటమనిషిని "నువ్వు ఎన్నింటికి పడుకున్నావ్" అంటాడు. ఇద్దరి వయసూ ఒకటే కావచ్చు. నర్సును ఏమని పిలుస్తాడు? కార్మికుణ్ణి మొదటి రోజు "నువ్వు" అని, అతని వెనక యూనియన్ ఉందని తెలిసిన మరునాడు "మీరు" అంటాడా? దీనికోసం ఒక్క అదనపు పంక్తి కూడా రాయనక్కరలేదు.

ఇంకొకటి అడగాలి. ఆ ఇంటికి గేటు దగ్గర వాచ్‌మన్, వచ్చిపోయేవాళ్ల పేర్లు రాసే పుస్తకం ఉన్నాయా?

నల్లసిరా

ఉన్నాయి. ఆ రాత్రి పుస్తకంలో నాలుగు పేర్లున్నాయి: నర్సు, వంటమనిషి, పాల డబ్బు కోసం వచ్చిన కుర్రవాడు, యజమానిని కలవాలని ఎనిమిదింటికి వచ్చి వెనక్కి పోయిన కార్మికుడు. ఇన్‌స్పెక్టరు దర్యాప్తు అంతా ఆ పుస్తకం పట్టుకునే నడుస్తుంది.

వాయిదా

అయితే ఆ పుస్తకంలో కారులో వచ్చినవాళ్ల పేర్లు ఎందుకు లేవు?

నల్లసిరా

చాలాసేపు మీ ప్రశ్న ముందే కూర్చుండిపోయాను. వైద్యుడు ఆ సాయంత్రం వచ్చాడని నేనే రాశాను. పెద్దకొడుకు రాత్రి తిరిగివచ్చాడనీ రాశాను. ఇద్దరూ పుస్తకంలో లేరు. కారు హారన్ కొడితే వాచ్‌మన్ పెద్ద గేటు తెరుస్తాడు, అంతే. కారు ఆపి పేరు రాయమని అడిగే ధైర్యం ఎవరికి ఉంటుంది? ఆ పుస్తకం నడిచి వచ్చేవాళ్ల కోసం పెట్టినది. మూడేళ్లపాటు నా ముందే ఉన్నా ఈ సంగతి నేను చూడలేదు.

అనువాదిని

వాయిదా గారి ప్రశ్న ఈ చర్చకు మలుపు అనిపించింది. దాన్నే ఇంకొక వైపు నుంచి చూడాలని ఉంది. ఇంగ్లిష్ రచయిత చెస్టర్టన్ 1911లో ప్రచురించిన, ఫాదర్ బ్రౌన్ అనే మతగురువు నేరాల చిక్కు విప్పే కథల్లో ఒకదాని ముగింపు ఇక్కడ బయటపడుతుంది, చదవాలనుకునేవారు ఈ పేరా దాటిపోండి. ఒక భవనాన్ని నలుగురు కాపలా కాస్తారు. లోపలికి ఎవరూ వెళ్లలేదని నలుగురూ నిజాయితీగా చెబుతారు. లోపల హత్య జరిగి ఉంటుంది. వెళ్లినవాడు పోస్టుమాన్. అందరూ అతణ్ణి చూశారు, కానీ "ఎవరైనా వచ్చారా" అంటే అతడు "ఎవరైనా"లోకి రాలేదు. ఆ కథలో లెక్కలోకి రానివాడు పనిమనిషి. మీ గేటు పుస్తకంలో సరిగ్గా తిరగబడింది. పనివాళ్లే లెక్కలోకి వచ్చారు, లెక్కకు అతీతులు బయట మిగిలిపోయారు.

జపానులో మత్సుమోతో సెయిచో 1958లో పుస్తకంగా తెచ్చిన రైలు టైముటేబుళ్ల నవల కూడా ఇక్కడ గుర్తుకొస్తోంది. సముద్రతీరంలో ఒక మంత్రిత్వ శాఖ ఉద్యోగి, ఒక యువతి పక్కపక్కన చనిపోయి కనిపిస్తారు. చూసినవాళ్లందరూ ప్రేమికుల ఆత్మహత్య అని తేల్చేస్తారు. ఒక ముసలి డిటెక్టివుకు మాత్రం ఆ ఉద్యోగి జేబులో దొరికిన రసీదు మీద ఆలోచన పడుతుంది. రైలు భోజనశాలలో ఇచ్చిన ఆ రసీదు మీద 'ఒకరికి' అని ఉంటుంది. ప్రియురాలితో కలిసి చివరి ప్రయాణం చేస్తున్నవాడు ఒక్కడే ఎందుకు తిన్నాడు? అక్కడ మొదలైన దారం లాగుతూ పోతే ఆ శాఖలోని లంచాల వ్యవహారం దాకా వెళ్తుంది. లంచగొండితనం గురించి రచయిత ఎక్కడా గొంతు పెంచడు. దిగువ ఉద్యోగి చనిపోయాడు, పైవాళ్లకు ఊపిరి ఆడింది, అంతే. పాతఅట్ట గారి పట్టికలో ఆ రసీదు చక్కగా ఒక గడిలో పడుతుంది, అదే సమయంలో సమాజం గురించిన మాట కూడా అదే అవుతుంది.

సిసిలీ రచయిత షాషా 1961 నవలలో ఇంతకంటే చిన్న పనితో ఇంతకంటే పెద్ద ఫలితం సాధించాడు. కూడలిలో బస్సు ఎక్కబోతున్న మనిషిని తుపాకీతో కాల్చేస్తారు. పోలీసులు వచ్చేసరికి బస్సులోని ప్రయాణికులు ఒక్కొక్కరే దిగి జారుకుంటారు. పక్కనే తినుబండారాలు అమ్ముకునేవాణ్ణి అడిగితే, ఎవరినైనా కాల్చారా అని ఎదురు అడుగుతాడు. భయం అన్న మాట వాడకుండానే ఊరంతటి భయం కనిపిస్తుంది.

తూనికరాయి

నాకు అభ్యంతరం ఉంది, ఇప్పుడే చెప్పకపోతే చర్చ ఒకే వైపుకు ఒరిగిపోతుంది. ఇప్పుడు చాలా నవలల్లో ఆరుగురు అనుమానితులు ఉన్నారంటే, అందులో ధనవంతుడైన కొడుకో పలుకుబడిగల డాక్టరో హంతకుడని మూడో అధ్యాయంలోనే తెలిసిపోతోంది. పనిమనిషి హంతకుడు కాకూడదన్న పాత నియమాన్ని మనం కొత్త కారణంతో మళ్లీ పాటిస్తున్నాం. అప్పుడు వెనక్కి నెట్టారు, ఇప్పుడు పీఠం మీద కూర్చోబెడుతున్నారు. రెండింటిలోనూ వంటమనిషికి మనిషిగా పాపం చేసే అర్హత లేదు. ఇది అతనిమీద గౌరవమేనా?

ఇంకా లోతైన చిక్కు ఉంది. కవి డబ్ల్యు. హెచ్. ఆడెన్ 1948 నాటి వ్యాసంలో ఈ కథల ఆకర్షణ ఎక్కడుందో చెబుతూ, దోషిని వేరుచేసి బయటకు పంపగానే మిగిలినవారందరూ మళ్లీ నిర్దోషులైపోయే ఊరట గురించి రాశాడు. మనలో చాలామంది ఈ కథలు ఆ ఊరట కోసమే చదువుతాం, నాతో సహా. కానీ సమాజమే నేరస్థురాలు అని చెప్పదలచుకున్న నవలకు ఆ ఊరట పెద్ద అడ్డంకి. పెద్దకొడుక్కి బేడీలు పడగానే ఆ మిల్లు, ఆ ధూళి, ఆ గేటు పుస్తకం అన్నీ కడిగినంత శుభ్రమైపోతాయి. అలాగని హత్యకు కారణం సమాజమే అని చివర తేల్చేస్తే, ఎవరు చంపారు అని మూడువందల పేజీలు ఎదురుచూసిన పాఠకుణ్ణి మోసం చేసినట్టు. ఈ రెండింటి మధ్య దారి ఏదో నల్లసిరా గారు చెప్పాలి.

గడపదీపం

తూనికరాయి గారి మొదటి మాటను పూర్తిగా ఒప్పుకుంటున్నాను. అయితే గేటు పుస్తకం హంతకుడు ఎవరో చెప్పదు కదా. దర్యాప్తు ఎంత ఇరుకుగా జరిగిందో మాత్రమే చెబుతుంది. నలుగురే అనుకున్నవాళ్లు ఏడుగురో ఎనిమిదిమందో అవుతారు. ఆ కొత్త వరుసలో కూడా వంటమనిషి నిలబడే ఉంటాడు, మిగిలినవాళ్లతో సమానంగా. అతడే హంతకుడైనా నవల కూలిపోదు.

రెండో మాటకు నా దగ్గర పూర్తి జవాబు లేదు. స్వీడనులో షోవాల్, వాలూ అనే రచయితల జంట 1965 నుంచి 1975 వరకు పది నవలలు, ఒక్కొక్కదానికి ముప్ఫై అధ్యాయాల చొప్పున, ఒకే డిటెక్టివు బృందంతో రాశారు. వాళ్లు ఎంచుకున్న దారి సహనం. ఏ ఒక్క నవలలోనూ అంతా చెప్పేయాలని చూడలేదు. కేసు ముగుస్తుంది, కానీ ఆ బృందంలోని ముఖ్య డిటెక్టివు మార్టిన్ బెక్‌కు మనసు తేలికపడదు. ఒకే పుస్తకం రాస్తున్నవారికి ఆ సౌకర్యం లేదని నాకు తెలుసు.

రాత్రిడ్యూటీ

నేను నర్సును. ఇప్పటిదాకా అందరూ పుస్తకాల మాటే చెప్పారు, నేను నా పని మాట చెబుతాను.

కార్మికుడి ఉపన్యాసం తీసేయమని పాతఅట్ట గారు అన్నారు. తీసేయండి, కానీ అతని జబ్బును ఉంచండి. దూది ధూళివల్ల వచ్చే ఊపిరితిత్తుల జబ్బును బిసినోసిస్ అంటారు. తొలిరోజుల్లో అది సెలవు తరవాత మళ్లీ పనిలోకి వెళ్లిన రోజున ఛాతీ బిగపట్టినట్టు కనిపిస్తుంది. ఏళ్లు గడిచేకొద్దీ అన్ని రోజులకూ పాకి, పని మానేసినా పోకుండా మిగిలిపోవచ్చు. అలా ముదిరిన మనిషి మెట్లు ఎలా ఎక్కుతాడో నేను చూశాను. నాలుగు మెట్లు ఎక్కి, కమ్మీ పట్టుకుని ఆగుతాడు. ఆగినట్టు ఎదుటివాళ్లకు తెలియకూడదని కిటికీలోంచి ఏదో చూస్తున్నట్టు నిలబడతాడు. పెదవులు ముడిచి గాలి మెల్లగా వదులుతాడు. మళ్లీ నాలుగు మెట్లు.

చదువుగది మేడమీద ఉందన్నారు కదా. ఇన్‌స్పెక్టరు అతణ్ణి ఆ గదికి తీసుకుపోతున్నప్పుడు అతడు రెండుసార్లు ఆగాడని మాత్రం రాయండి. వంటమనిషి ఆ రాత్రి ఎవరో మెట్లమీద పరుగున దిగిన చప్పుడు విన్నాడని ఇంకోచోట రాయండి. రెండూ కలుపుకోవడం పాఠకుడి పని.

నర్సు విషయంలో కూడా ఒక మాట. మంచం పట్టిన మనిషికి ఒళ్లు పుండ్లు పడకుండా రెండుగంటలకొకసారి పక్కకు తిప్పుతాం, తిప్పిన వేళ చార్టులో రాస్తాం. బరువైన మనిషిని ఒక్కరమే తిప్పలేం, ఇంట్లో ఎవరినో ఒకరిని పిలుస్తాం. చార్టులో మాత్రం సాయం పట్టినవారి పేరు ఉండదు. పదకొండింటికి మీ నర్సు ఎవరిని పిలిచింది?

నల్లసిరా

రాత్రిడ్యూటీ గారూ, పదకొండింటికి ఆమె వంటమనిషిని పిలిచింది. ఇప్పుడే నిర్ణయించుకున్నాను. అతని దగ్గర తాను నిర్దోషినని చూపించే ఆధారం ఉంది, కానీ అది ఏ కాగితంలోనూ లేదు. అయితే ఒక చిక్కు వస్తోంది: అతడు ఆ వేళ ఇంటావిడ గదిలో ఉంటే, మెట్లమీది చప్పుడు వినింది అక్కడి నుంచే అవుతుంది, అంటే నర్సు కూడా వినాలి. వినీ ఆమె ఎందుకు చెప్పలేదు అన్నది కొత్త ప్రశ్న. దానికి జవాబు నాకు దొరికింది, ఇక్కడ చెప్పను.

తూనికరాయి గారూ, మీ ప్రశ్న నన్ను ఎక్కువగా వేధించింది. నేను చేయదలచుకున్నది ఇది. హంతకుడు ఒక్కడే, అతని కారణం పూర్తిగా అతనిదే: భయం, అవమానం, డబ్బు. దాన్ని ఏ సమస్యకూ అంటగట్టను. కానీ తప్పు మనిషిని పట్టుకుని ఇన్‌స్పెక్టరు వృథా చేసిన పద్దెనిమిది రోజులకు హంతకుడు బాధ్యుడు కాడు. ఆ రోజుల్లో కార్మికుడు లాకప్‌లో ఉన్నాడు, అతని ఊపిరి ఇంకాస్త పాడయింది. హంతకుడికి బేడీలు వేసిన తరవాత కూడా ఆ పద్దెనిమిది రోజులు ఎవరి ఖాతాలోనూ పడకుండా మిగిలిపోతాయి. పాఠకుడికి ఊరట దొరుకుతుంది, పూర్తిగా దొరకదు. ఇది దారి అవునో కాదో మీరే చెప్పాలి.

తూనికరాయి

అవుననే అనిపిస్తోంది. హత్యకు శిక్షపడే మనిషి ఉన్నాడు, దర్యాప్తుకు శిక్షపడే మనిషి లేడు. ఆ తేడా పాఠకుడి చేతిలో పెడితే చాలు, వివరించకండి.

పాతఅట్ట

నా మొదటి జవాబులో ఒక మాట సవరించుకోవాలి. ఉపన్యాసం పట్టికలో పడదన్నాను. మెట్లమీద రెండుసార్లు ఆగడం పడుతుంది, గేటు పుస్తకం పడుతుంది, నర్సు చార్టు పడుతుంది. వాటిని తీసేస్తే చిక్కుముడి విడదు, చిక్కుముడిని తీసేస్తే అవి మిగలవు. అటువంటి చోట నాకు అభ్యంతరం లేదు.

అయితే న్యాయంగా ఆడాలన్న షరతు మాత్రం వదులుకోను. పుస్తకంలో కారులో వచ్చినవాళ్ల పేర్లు ఉండవని పదిహేడో అధ్యాయంలో ఇన్‌స్పెక్టరుకు హఠాత్తుగా తోస్తే నేను పుస్తకం మూసేస్తాను. పాఠకుడు ఆ సంగతిని ముందే, కనీసం రెండుసార్లు, కళ్లారా చూసి ఉండాలి, చూసినా గుర్తించకుండా ఉండాలి. మొదటిసారి ఇన్‌స్పెక్టరే జీపులో వచ్చినప్పుడు గేటు తెరుచుకోవాలి, ఎవరూ పుస్తకం చాపకూడదు. రెండోసారి అతని కానిస్టేబులు నడిచి వచ్చినప్పుడు, యూనిఫాంలో ఉన్నా సరే, వాచ్‌మన్ పుస్తకం చాపాలి. ఈ రెండు సన్నివేశాలనూ దూరదూరంగా పెట్టండి. మధ్యలో పాఠకుడి దృష్టి మళ్లించడానికి ఏదైనా చిన్న గొడవ ఉండాలి.

వాయిదా

పాతఅట్ట గారు చెప్పింది సాక్ష్యం భాషలో కూడా సరైనదే. ఒక రికార్డులో పేరు లేకపోవడం ఆ మనిషి రాలేదనడానికి రుజువు కావాలంటే, ఆ రికార్డులో అందరి పేర్లూ రాసే అలవాటు ఉందని ముందు తేలాలి. మీ ఇన్‌స్పెక్టరు ఆ మొదటి మెట్టు దాటేశాడు. మంచి ఉద్యోగులు కూడా దాటేస్తారు, అది నేను చూశాను.

ఒక్కటే అనుమానం. వాచ్‌మన్‌కు ఈ సంగతి మొదటి నుంచీ తెలుసు. అతడు ఎందుకు నోరు విప్పలేదు? చివర అతని చేత గంభీరమైన వాక్యం ఒకటి చెప్పిస్తారేమోనని భయంగా ఉంది.

నల్లసిరా

చెప్పించను. అతనికి ఆ ఉద్యోగం కావాలి, కారు వాళ్ల పేర్లు ఎందుకు రాయలేదంటే తప్పు తనమీదికే వస్తుందని తెలుసు. అందుకని అతడు చివరిదాకా మాట్లాడడు, తెలిసిన సంగతి వేరే దారిలో బయటపడుతుంది. ఆ భాగం నిన్న రాత్రి రాశాను, ఇక్కడ పెడుతున్నాను:

"ఇన్‌స్పెక్టరు ఆ రోజు జీపు దిగకుండానే పుస్తకం అడిగాడు. వాచ్‌మన్ చిన్న గేటు పక్కనున్న బల్ల మీంచి పుస్తకం తెచ్చి కిటికీలోంచి అందించాడు. పెన్ను, అన్నాడు ఇన్‌స్పెక్టరు. వాచ్‌మన్ బల్ల వైపు చూశాడు. పెన్నుకు కట్టిన తెల్లదారం రెండో కొస చిన్న గేటు కమ్మీకి ముడివేసి ఉంది. అతడు పెన్ను పట్టుకుని జీపు వైపు రాబోయాడు. దారం మూరెడు దూరంలోనే బిగిసిపోయింది. ఇన్‌స్పెక్టరు ఆ దారం వైపే చాలాసేపు చూశాడు. తరవాత జీపు దిగి, నడిచి వచ్చి, చిన్న గేటు దగ్గర నిలబడి తన పేరు రాశాడు."

పాతఅట్ట గారి షరతు ప్రకారం ఆ దారం రెండో అధ్యాయంలోనే కనిపిస్తుంది. పాల కుర్రవాడు పేరు రాస్తూ దాన్ని వేలికి చుట్టుకుంటాడు.

పాతఅట్ట

వేలికి చుట్టుకోవడం ఉంచండి. ఆ దారం పొడవు ఎంతో మాత్రం అక్కడ చెప్పకండి.